జయాన్ ఇరుకు లోయల్లో వసంతకాలం: చన్నీళ్లకూ, పొంగే నీటికీ సిద్ధం కావడం

2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజ్ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గురించి చదివినవాళ్లకు 150 క్యూసెక్కులంటే పిల్లకాలువ లెక్క. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, జయాన్ నేషనల్ పార్కులో మాత్రం వర్జిన్ నది ఉత్తరపాయ 150 దాటితే నారోస్ అనే ఇరుకు లోయను మూసేస్తారు. ఎగువ నుంచి దిగువకు నడిచే దారికైతే 120 దాటగానే పర్మిట్లు ఆపేస్తారు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 20 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్నచోట 150 క్యూసెక్కులు పోవాలంటే నీరు సెకనుకు దాదాపు నాలుగడుగుల వేగంతో పరుగెత్తాలి. వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే తోపు నాలుగింతలవుతుంది. పైగా కాలికింద నిలకడలేని గుండ్రాళ్లు.

తాళ్లతో దిగుతూ, నడుస్తూ, ఈదుతూ ఇలాంటి లోయలు దాటడాన్ని కేన్యనీరింగ్ అంటారు. అందులో ఇంకో చిక్కుంది. మొదటి ర్యాపెల్ (తాడు మీద దిగే దిగుడు) దిగి తాడు కిందికి లాగేసుకున్నాక వెనక్కి ఎక్కే దారి ఉండదు. కాబట్టి నీటి గురించీ, చలి గురించీ తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ ఆ తాడు లాగకముందే అయిపోవాలి.

ముందు నీటి లెక్క చూడండి

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్‌కు స్ప్రింగ్‌డేల్ దగ్గర నీటి కొలత కేంద్రం ఉంది (నంబరు 09405500). అది నారోస్‌కు దిగువన ఉంటుంది. ఆ క్షణానికి ఉన్న అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా, ఏడు రోజుల గ్రాఫ్ తెరవండి. వసంతంలో అది రంపపు పళ్లలా కనిపిస్తుంది. పగటి ఎండకు కొండమీద కరిగిన మంచు కొన్ని గంటల తర్వాత ఇక్కడికి చేరుతుంది, రాత్రి గడ్డకడితే తగ్గుతుంది. రోజూ ఏ గంటకు పోటు, ఏ గంటకు తగ్గుదల వస్తున్నాయో రాసుకోండి. మీరు నదిలోకి దిగే సమయం తగ్గుదలలో పడాలి. పళ్ల అడుగుభాగం రోజురోజుకూ పైకి జరుగుతుంటే మంచు కరగడం ఊపందుకున్నట్టే. ఇవాళ్టి 90 రేపటికి ఎంతవుతుందో చెప్పలేరు.

పైన మంచు ఎంత మిగిలిందో తెలియాలంటే కొండల మీద మంచును కొలిచే స్నోటెల్ కేంద్రాల లెక్కలు చూడాలి. ఈ నదికి కొలోబ్ కేంద్రం పనికొస్తుంది. మంచు లోతుకన్నా, అది కరిగితే ఎన్ని అంగుళాల నీరవుతుందన్న అంకె ముఖ్యం. కొండమీద రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగకుండా రెండు మూడు రోజులు వరసగా ఉంటేనూ, మంచు మీద వాన పడితేనూ ఆ వారానికి నదిలో ముగిసే దారులు మానుకోండి.

బయటకు వచ్చే దారే చాలామందిని ముంచుతుంది

మిస్టరీ కేన్యన్‌లో ఎక్కువ భాగం మామూలు ర్యాపెల్సే. కానీ చివరి దిగుడు నేరుగా నారోస్‌లోకి, వర్జిన్ నదిలోకి. అక్కడి నుంచి, పార్కు బస్సు ఆగే టెంపుల్ ఆఫ్ సినావావా వైపు నదిలోనే నడవాలి. ఆర్డర్‌విల్ కేన్యన్ కూడా నారోస్‌లోనే కలుస్తుంది. లోయ పొడిగా ఉంది కదా అని బయల్దేరితే సాయంత్రానికి, ఒంట్లో వేడి తగ్గాక, నది ఎదురవుతుంది. నది మూసి ఉంటే ఈ రెండూ లెక్కలోంచి తీసేయాల్సిందే.

పైన్ క్రీక్ సంగతి వేరు. పార్కులోని రోడ్డు సొరంగం తూర్పు ముఖద్వారం దగ్గర మొదలయ్యే ఈ చిన్న లోయ కాగితం మీద సులువు. లోపలి మడుగులకు ఎండ తగలదు, వేసవిలో కూడా నీళ్లు వణికిస్తాయి. ఏప్రిల్‌లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

గైడు పుస్తకాల్లో లోయ పేరు పక్కన ఉండే అక్షరం చూడండి. ఎ అంటే దాదాపు పొడి, బి అంటే నిలవ నీరు, సి అంటే పారే నీరు. వేసవిలో బి అని రాసిన లోయ మంచు కరిగే రోజుల్లో సి అయి కూర్చుంటుంది. ఒక్క మేలు లేకపోలేదు: నిండిన రాతి గుంతల్లోంచి ఈదుకుంటూ బయటపడొచ్చు, సగం ఖాళీ అయితే వాటి అంచు చేతికందదు.

ఒంటి మీద ఏముండాలి

మంచు కరిగిన నీరు సాధారణంగా 4 నుంచి 9 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంత చల్లటి నీటిలో పడగానే గుక్క తిప్పుకోలేం. చలినీటి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తుంచుకోవాలి. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులు చెప్పినట్టు వినేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. రక్షణ దుస్తుల్లేకుండా గడ్డకట్టేంత చల్లని నీటిలో పడినప్పటి లెక్క ఇది. కేన్యనీరింగ్‌లో కీలకం మధ్యలో ఉన్న పది. వేళ్లు కొంకర్లు పోతే క్యారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) తెరవలేరు, తాడు సర్దలేరు.

కొద్దిసేపు ఈతలుంటే 4/3 మిల్లీమీటర్ల (ఛాతీ దగ్గర 4, చేతులు కాళ్ల దగ్గర 3 మందం) ఫుల్ వెట్‌సూట్, నీడలో పొడవాటి ఈతలుంటే 5/4, దానికి తలను కప్పే హుడ్. పాతబడ్డ నియోప్రీన్, అంటే ఆ సూట్ కుట్టే నురగ రబ్బరు, నలిగి పలచబడుతుంది. ఎక్కువగా వాడిన అద్దె సూట్ అయితే లేబుల్ మీది 4ను 3గా లెక్కపెట్టుకోండి. మెడ దగ్గర వదులుగా ఉంటే ప్రతి మునకకీ కొత్త చన్నీళ్లు లోపలికి దూరతాయి, అలాంటి సూట్ ఎంత మందంగా ఉన్నా దండగ. రోజంతా నీళ్లలో ఉండాల్సిన దారికి నీరు లోపలికి రానివ్వని డ్రైసూట్ మేలు, కానీ ఇసుకరాయి దాన్ని చీరేస్తుంది. మీద పాత నైలాన్ ప్యాంటు తొడగండి, మెడ, మణికట్టు పట్టీలు ముందురోజే పరీక్షించండి. కాళ్లకు నియోప్రీన్ సాక్స్, వాటికి చోటుండేలా ఒక సైజు పెద్ద బూట్లు. బిగుతు బూటులో రక్తం ఆడక ఎంత మంచి సాక్స్ వేసినా పాదాలు మొద్దుబారతాయి. నూలు బట్ట ఒంటి మీద ఒక్క పోగు కూడా వద్దు.

చేతికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ గ్లౌజులు. వాటిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బకెట్ నీళ్లలో ఐసు ముక్కలు పోసి, గ్లౌజులతో చేతులు రెండు నిమిషాలు ముంచి, వెంటనే హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలకు) దిగే పరికరం తగిలించి, తాడు ఎక్కించి, క్యారబైనర్ మర బిగించి చూడండి. చేతకాకపోతే గ్లౌజులో, పరికరమో మార్చాలి. వీలైతే రెండూ.

తాడు, ముడి

పొడి కొండమీద తాడు కొసన ముడి వేయడం ప్రాణరక్షణ. పారే నీటిలో అదే ఉచ్చు. కొస సరిగ్గా నీటి మట్టానికి అందేలా పొడవు సరిచేసి, ముడి లేకుండా వదలండి. దిగినవాళ్లు ఈదుతూ కొసలోంచి జారిపోవాలి. మిగులు తాడు మడుగులో తేలితే కాళ్లకు చుట్టుకుంటుంది.

యాంకర్ (రాతికో చెట్టుకో తాడును కట్టే ఆధారం) దగ్గర తాడును బిగించేయకుండా, బరువు మీద ఉన్నప్పుడే వదలగలిగేలా కట్టాలి. ఎనిమిది ఆకారపు పరికరంతోనో, మన్టర్ మ్యూల్ ముడితోనో కట్టొచ్చు. జలపాతం కింద ఎవరైనా ఇరుక్కుంటే పైనున్నవాళ్లు ముడి విప్పి వాళ్లను కిందికి దించేయాలి. ఇందుకు ఆ దిగుడు ఎత్తంత తాడు సంచిలో అదనంగా మిగలాలి. అంటే 100 అడుగుల దిగుడుకు కనీసం 200. తాడు మీద తనంతట తాను బిగుసుకునే ప్రూసిక్ లాంటి ముడిని జలపాతం కింద వాడొద్దు. నెత్తిన నీళ్లు పడుతుంటే, బరువు మీదున్న ఆ ముడిని విప్పడం ఎవరి వల్లా కాదు. చేతికందేచోట చిన్న కత్తి ఉండాలి.

చలికాలం తర్వాత పాత యాంకర్లను, వాటికి చుట్టిన నైలాన్ పట్టీని (వెబ్బింగ్) నమ్మకండి. కొత్త వెబ్బింగ్, రెండు మూడు రింగులు వెంట తీసుకెళ్లండి. కొట్టుకొచ్చిన దుంగలు కూడా ప్రతి ఏడూ చోటు మారుస్తాయి. ప్రవాహం దుంగల కిందినుంచి దూరిపోయే చోటే అన్నిటికన్నా ప్రమాదం. ఒరవడిలో కొట్టుకుపోతుంటే వెల్లకిలా, పాదాలు ముందుకు, కాలివేళ్లు నీటిపైకి పెట్టండి. ఎదురుగా దుంగల అడ్డు కనిపిస్తే మాత్రం బోర్లా తిరిగి, దానివైపే బలంగా ఈది, పైకి ఎక్కేయండి. కాళ్లు ముందు పెడితే కిందికి లాగేస్తుంది.

చలి ఎక్కేది ఈదేటప్పుడు కాదు, నిలబడ్డప్పుడు

నలుగురు, ఆరు ర్యాపెల్స్, మనిషికి ఐదు నిమిషాలు అనుకుంటే మొత్తం రెండు గంటలు. అందులో ఒక్కొక్కరూ కదిలేది అరగంట, మిగిలిన గంటన్నర తడి బట్టలతో నిలబడటమే. అందుకే వసంతంలో నలుగురికి మించి వద్దు. తాడులు రెండుంటే ముందున్నవాళ్లు తర్వాతి దిగుడు సిద్ధం చేస్తూ పోవచ్చు. ఎదురుచూసేవాళ్లు నీళ్లలోంచి బయటికొచ్చి ఉండాలి, గంటకోసారి తీపి ఏదైనా నమలాలి. పల్లీ పట్టీ మంచిదే, చలికి రాయిలా గట్టిపడకుండా ముందే చిన్న ముక్కలు చేసుకోండి. నీటి హోరులో మాటలు వినబడవు. ఆగు, దిగు, ప్రమాదం అనే మూడిటికీ విజిల్ గుర్తులు కారు దగ్గరే అనుకోవాలి.

మాట ముద్దముద్దగా రావడం, కాలు తడబడటం, కారణం లేకుండా విసుక్కోవడం మొదలైతే అప్పుడే ఆగి పొడిబట్టలు వేయండి. వణుకు ఆగిపోయినా మనిషి తేరుకోకపోతే పరిస్థితి చేయి దాటుతున్నట్టు. పడుకోబెట్టి, కింద ఫోమ్ చాప వేసి, తడి తీసి, పొడి ఫ్లీస్ తొడిగి, పైన పెద్ద చెత్తసంచి చుట్టండి. చేతులు కాళ్లు రుద్దకండి, నడిపించకండి. మింగగలిగితేనే తీపి కలిపిన వేడినీళ్లు పట్టండి, మద్యం అసలొద్దు. ఈ సామాను, అరలీటరు ఫ్లాస్క్‌తో సహా, గుంపుకు ఒక డ్రైబ్యాగులో ఉండాలి. ఆ బ్యాగు ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసుండాలి. సంచుల అడుగున నీరు కారే రంధ్రాలు లేకపోతే ప్రతి మడుగు తర్వాతా పది కిలోలు మోస్తారు.

బయల్దేరే ముందు మూడు హద్దులు కాగితం మీద రాయండి: ఎన్ని క్యూసెక్కులు దాటితే దిగం, ఎన్నింటికల్లా మొదటి యాంకర్ దగ్గర లేకపోతే తిరిగొస్తాం, గుంపులో ఎవరి సూట్ చినిగితే అందరం ఆగుతాం. ఆ కాగితాన్ని మొదటి ర్యాపెల్ దిగి తాడు లాగే ముందు ఇంకోసారి చదవండి. అప్పటికి ఆ తాడు పట్టుకుని ఇంకా పైకి ఎక్కిపోవచ్చు.