పెద్ద సంఖ్య లక్షణాలను ఎలా కనుక్కోవాలి? 7,20,720 ఉదాహరణగా

ఒక పెద్ద సంఖ్య గురించి ఏది తెలుసుకోవాలన్నా ముందుగా దానిని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. దానికి ఎన్ని కారణాంకాలున్నాయి, వాటి మొత్తమెంత, అది పరిపూర్ణ వర్గమా కాదా అన్న ప్రశ్నలకు జవాబులు ఆ విభజనలోనే ఉంటాయి.

1. భాగహారానికి ముందు అంకెలను చూడండి. 7,20,720లో ఒకట్ల స్థానంలో సున్నా ఉంది కనుక 5 నిశ్శేషంగా భాగిస్తుంది. చివరి నాలుగు స్థానాల్లోని 0720ని 16 భాగిస్తుంది కనుక మొత్తం సంఖ్యనూ భాగిస్తుంది. అంకెల మొత్తం 18 కనుక 9 కూడా భాగిస్తుంది. ఇక మన పద్ధతిలో కామాలు పెట్టడం వల్ల ఇక్కడ ఒక అందమైన విషయం మరుగున పడుతోంది. కామాలు తీసి 720720 అని రాస్తే, 720 వెంటవెంటనే రెండుసార్లు వచ్చిందని తెలుస్తుంది. ఏ మూడంకెల సంఖ్యను అలా రెండుసార్లు రాసినా, దాని వెయ్యి రెట్లకు అదే సంఖ్యను మరోసారి కలిపినట్లే కనుక, వచ్చేది 1001కి గుణిజమే అవుతుంది. 1001 అంటే 7 × 11 × 13.

2. విభజనను పూర్తి చేయండి. 16తో భాగిస్తే 45,045, దానిని 9తో భాగిస్తే 5,005, దానిని 5తో భాగిస్తే 1,001 వస్తాయి. అంటే 7,20,720 = 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

3. కారణాంకాలను లెక్కించండి. ఒక కారణాంకాన్ని తయారు చేసేటప్పుడు 2ను అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి నుంచి నాలుగుసార్ల వరకు తీసుకోవచ్చు. అంటే ఐదు అవకాశాలు. ప్రతి ఘాతాంకానికి 1 కలిపి గుణించడం వెనుక ఉన్న కారణం ఇదే. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలు కావు కనుక ఇది పరిపూర్ణ వర్గం కాదు.

4. కారణాంకాల మొత్తం కనుక్కోండి. ప్రతి ప్రధాన కారణాంకానికీ 1తో మొదలుపెట్టి, విభజనలో ఉన్న ఘాతం వరకు కూడి, ఆ మొత్తాలను గుణించాలి. 2కు 1+2+4+8+16 = 31, 3కు 1+3+9 = 13, మిగిలిన వాటికి వరుసగా 6, 8, 12, 14 వస్తాయి. వీటి లబ్ధం 32,49,792. ఇందులోంచి అసలు సంఖ్యను తీసివేసినా 25,29,072 మిగులుతుంది. ఇది 7,20,720 కన్నా చాలా ఎక్కువ కనుక, మన సంఖ్య అబండెంట్ సంఖ్యల (తమను మినహాయించి మిగిలిన కారణాంకాల మొత్తం తమకన్నా ఎక్కువగా ఉండే సంఖ్యల) కోవలోకి వస్తుంది.

5. సంఖ్య ఏయే ప్రత్యేక కోవల్లోకి వస్తుందో పరిశీలించండి. అంకెల మొత్తమైన 18తో భాగిస్తే సరిగ్గా 40,040 వస్తుంది. ఇలా తమ అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే వాటికి మహారాష్ట్రలోని దేవలాలీకి చెందిన ఉపాధ్యాయుడు కాప్రేకర్ హర్షద్ సంఖ్యలని పేరు పెట్టారు. 1 నుంచి 16 వరకు గల సంఖ్యల క.సా.గు. కూడా ఇదే.

తనకన్నా చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలు గల సంఖ్యలను శ్రీనివాస రామానుజన్ 1915లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో లోతుగా పరిశీలించారు. అలాంటి సంఖ్యలో 2 నుంచి ప్రధాన సంఖ్యలు వరుస తప్పకుండా ఉండాలి, ఘాతాంకాలు ఎక్కడా పెరగకూడదు. మన సంఖ్యలో అవి 4, 2, 1, 1, 1, 1. అయితే ఈ ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు. 210 = 2 × 3 × 5 × 7 కూడా ఇందులో నెగ్గుతుంది, కానీ దాని కారణాంకాలు 16 మాత్రమే; అంతకన్నా చిన్నదైన 180కి 18 ఉన్నాయి. 7,20,720 విషయంలో మాత్రం దానికన్నా చిన్నదేదీ 240ని అందుకోలేదు, ఆ వ్యాసంలో రామానుజన్ ఇచ్చిన పట్టికలో దీనికి చోటు ఉంది.