నెల్లూరు, ఒంగోలులో ఉంటూనే సెషన్ బేస్ ప్లేయర్‌గా ఏళ్ల తరబడి నిలబడటం ఎలా?

సెషన్ బేస్ ప్లేయర్ అంటే ఎవరు పిలిస్తే వాళ్ల పాటకి వెళ్లి, బేస్ గిటార్ వాయించి, డబ్బు తీసుకుని ఇంటికొచ్చేసే మనిషి. పోస్టర్ మీద పేరుండదు, సెల్ఫీలన్నీ సింగర్‌తోనే. ఈ పనిలో మొదటిసారి ఫోన్ రావడం పెద్ద విషయం కాదు, అనుకున్నవాడు రాకపోతే ఎవరో ఒకరిని పిలుస్తారు కదా. అదే మనిషి నెల తర్వాత మళ్లీ "అన్నా, ఆదివారం ఖాళీయేనా?" అని అడిగాడా లేదా అన్నదే అసలు లెక్క. కింద రాసేదంతా ఆ రెండో ఫోన్ గురించే.

ముందు ఒక నిజం చెప్పుకుందాం. మన వైపు చాలా ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించే మనిషే ఉండడు. కీబోర్డ్ అతనే ఎడమచేత్తో కొట్టేస్తాడు, లేదంటే ట్రాక్‌లోనే వచ్చేస్తుంది. అంటే మీ పోటీ ఇంకో బేస్ ప్లేయర్‌తో కాదు, ఆ ఎడమచేత్తో. స్వరాన్ని జార్చడం, ఆగాల్సిన చోట తీగను నొక్కి టక్కున ఆపడం, కిక్ డ్రమ్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) అతుక్కుని నడవడం, ఇవి మీకు బాగా రాకపోతే మీకిచ్చే డబ్బు నిర్వాహకుడికి దండగ ఖర్చులాగే కనిపిస్తుంది.

1. వేగం పక్కన పెట్టి టైమ్ మీద కూర్చోండి

మెట్రోనోమ్ (టక్ టక్ అని తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 క్లిక్‌లకి పెట్టి, ఆ క్లిక్‌ని రెండో బీట్, నాలుగో బీట్ అనుకుని వాయించండి. అది కుదిరాక బార్‌కి, అంటే నాలుగు బీట్లకి, ఒక్క క్లిక్కే వచ్చేలా పెట్టుకోండి, మధ్యలో ఎంత జారిపోతున్నారో మీకే తెలుస్తుంది. మన పాటల్లో సిక్స్ బై ఎయిట్ (బార్‌కి ఆరు దెబ్బల) నడక ఎక్కువ, జానపదమైనా మాస్ పాటైనా సగం బలం దాంట్లోనే ఉంటుంది, కాబట్టి ఫోర్ బై ఫోర్‌తో సమానంగా దాన్నీ సాధన చేయాలి. ఢోలక్, ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) వాయించే మనిషి ఒకరిని పట్టుకుని, వేరే వాయిద్యం ఏదీ లేకుండా ఇద్దరే గంటసేపు ఒకే నడక వాయించండి. బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి) వీడియోలు చూసి వేళ్లు విరగ్గొట్టుకునే కుర్రాళ్లకి ఒక్క మాట: అమెరికాలో మోటౌన్ రికార్డ్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు.

2. శృతి నంబర్లు, రాగాలు నోటికి రావాలి

యూట్యూబ్ పాఠాల్లో ఇది దొరకదు. మన దగ్గర పాడేవాళ్లు "సి షార్ప్" అనరు, "ఒకటిన్నర శృతి" అంటారు. ఒకటి అంటే సి, రెండు డి, నాలుగు ఎఫ్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్, ఆరు ఏ. స్టేజి మీద గాయని వెనక్కి తిరిగి "అయిదున్నర" అని వేళ్లు చూపిస్తే మీరు లెక్క వేసుకుంటూ కూర్చోకూడదు, చెయ్యి అక్కడ ఉండాలి. గాయకుడు మారగానే శృతి మారుతుంది కాబట్టి ప్రతి పాటనీ ఓపెన్ తీగలు (వేలు నొక్కకుండా మోగించేవి) వాడకుండా నేర్చుకోవడం మంచిది, అప్పుడు ఏ శృతికైనా అదే షేప్‌ని జరుపుకుంటే సరిపోతుంది.

రాగం ఇంకా ముఖ్యం. బేస్ వాళ్లందరికీ ఉండే అలవాటు రూట్, దాని పంచమం. ఏం తోచకపోతే ఈ రెండే కొడుతుంటాం. కానీ హిందోళంలో పంచమమే లేదు, శ్రీరంజనిలోనూ లేదు. అక్కడ మీరు అలవాటుగా ఫిఫ్త్ వేస్తే పాడే మనిషి మొహం మారిపోతుంది, ఎందుకో మీకు అర్థం కూడా కాదు. మోహనంలో మధ్యమం, నిషాదం ఉండవు, కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకోదానికి మెట్టుమెట్టుగా నడిచే వెస్టర్న్ అలవాటు ఆ పాటల్లో తగ్గించుకోవాలి. కచేరీ చేసే స్థాయి అక్కర్లేదు, తరచుగా తగిలే ఓ పదిహేను ఇరవై రాగాల ఆరోహణ అవరోహణలు తెలిస్తే చాలు. దగ్గర్లో సంగీతం టీచర్ ఉంటే ఆరు నెలలు వెళ్లండి. కీబోర్డ్ ఎడమచెయ్యి మీద మీరు గెలిచేది ఎక్కువగా ఇక్కడే.

3. చర్చి, ఆర్కెస్ట్రా: మీ ట్రైనింగ్ అక్కడే

1840లో మిషనరీ సామ్యూల్ డే నెల్లూరు చేరిన దగ్గర్నుంచి మన రెండు జిల్లాల్లో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ గట్టిగా వేళ్లూనుకుంది. ఆ సంఘాల్లో పాటకి ఉన్న చోటు వల్ల ఇవాళ్టికీ ఏ వీధి చర్చిలో చూసినా ఒక డ్రమ్ కిట్, ఒక గిటార్ కనిపిస్తాయి. వారం వారం మనుషుల ముందు వాయించే అవకాశం మన ఊళ్లలో ఇంకెక్కడా ఇంత తేలిగ్గా దొరకదు. పైగా క్రైస్తవ పాటల ఆల్బమ్‌లు ఏడాది పొడవునా రికార్డ్ అవుతూనే ఉంటాయి, క్రిస్మస్ ముందు మరీ. సినిమా సినిమా అని కలవరించేవాళ్లు ఈ పనిని చిన్నచూపు చూస్తారు గానీ, ఇక్కడ ఇల్లు గడిపేది చాలాసార్లు ఇదే.

వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి, పెళ్లి రిసెప్షన్లు సరేసరి. అక్కడ పాటలు ముందు చెప్పరు, విని పట్టుకోవాలి. మీ పక్కన వాయించేవాళ్లతో మర్యాదగా ఉండండి, ఎవరు ఎక్కడికి వెళ్తారో తెలీదు. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన బాలసుబ్రహ్మణ్యం గారు తొలిరోజుల్లో నడిపిన ట్రూప్‌లో ఇళయరాజా, గంగై అమరన్ వాయించినవాళ్లే కదా. మీతో పందిట్లో కీబోర్డ్ వాయించిన పిల్లాడు నాలుగేళ్లకి హైదరాబాద్‌లో మ్యూజిక్ ప్రోగ్రామర్ అయితే, బేస్ కావాలన్నప్పుడు ముందు గుర్తొచ్చేది మీరే కావాలి.

4. గిటార్ సంగతి

యమహా, ఇబానెజ్‌లలో తక్కువ ధర మోడల్ చాలు. అయిదు తీగలది తీసుకుంటే కింది శృతుల్లో ఇబ్బంది ఉండదు. మన సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడిచి కవర్‌లో పెట్టండి. ఎండాకాలం కారులో వదిలేశారంటే నెక్ వంగిపోతుంది. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే 9 వోల్ట్ బ్యాటరీ ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి.

పల్లెటూరి పందిళ్లలో జనరేటర్ కరెంటుకి ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. చేతులు తీగల మీద, పెదవులు మైకుకి తగిలితే షాక్ కొట్టొచ్చు, అది ప్రాణాల మీదికి కూడా వస్తుంది. ముందు టెస్టర్ పెట్టి చూడండి, వెలిగితే సరిచేసేదాకా వాయించనని చెప్పండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

5. ఇంటి నుంచి రికార్డింగ్

ఇప్పుడు చాలా సెషన్లకి స్టూడియోకి వెళ్లక్కర్లేదు. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), మంచి హెడ్‌ఫోన్స్, ఓ మాదిరి కంప్యూటర్ ఉంటే కందుకూరులో కూర్చుని కూడా హైదరాబాద్ పాటకి వాయించొచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి ఎన్ని శాంపిల్స్ తీసుకోవాలన్న సెట్టింగ్) 128, శాంపిల్ రేట్ (సెకనుకి ఎన్ని శాంపిల్స్ అన్నది) 48 కిలోహెర్ట్జ్ పెడితే దానివల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. డ్రైవర్, ఇంటర్‌ఫేస్ కలిపేది ఇంకాస్త ఉన్నా వాయించడానికి అడ్డు రాదు.

పంపేటప్పుడు ఎఫెక్ట్ లేని డీఐ ట్రాక్ (గిటార్ నుంచి నేరుగా తీసుకున్న శబ్దం) ఒకటి, యాంప్ సౌండ్‌తో ఇంకోటి, రెండూ 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, పాట సున్నా దగ్గర మొదలయ్యేలా పంపాలి. మీ బేస్ పల్లవి తర్వాతే వచ్చినా ఫైల్ మాత్రం మొదటి నుంచే ఉండాలి, అవతల ఇంజినీర్ లాగి పెట్టేస్తే సరిగ్గా కూర్చుంటుంది. ఫైల్ పేరులో పాట, టెంపో, శృతి రాయండి. అడిగినట్టు సింపుల్‌గా ఒక టేక్, మీకు తోచినట్టు ఇంకో టేక్ ఇస్తే ఫోన్లు తగ్గుతాయి. నిర్మాత మొబైల్ స్పీకర్‌లో విని "బేసే వినపడట్లా" అంటే కంగారు పడొద్దు: నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరమిచ్చే 'E' తీగ 41 హెర్ట్జ్, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. అక్కడక్కడా ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన వాయిస్తే వాళ్లకీ వినిపిస్తుంది.

6. చెన్నై, హైదరాబాద్

తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయినా చెన్నైలో సంగీతం పని ఇంకా బాగానే ఉంది, కీత్ పీటర్స్ లాంటి బేస్ ప్లేయర్లు ఎదిగింది అక్కడే. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 దాకా. అద్దె కట్టుకుంటూ ముందే అక్కడ మకాం పెట్టడం కంటే పని ఉన్నప్పుడు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే నయమని నా అభిప్రాయం. వెళ్లాలంటే మాత్రం స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే వెస్టర్న్ స్వరలిపి) చదవడం రావాలి. అక్కడ ఎదురుగా కాగితం పెట్టేసి క్లిక్ ఇచ్చేస్తారు. బేస్ గిటార్ నొటేషన్ అసలు శబ్దం కంటే ఒక ఆక్టేవ్ పైన రాస్తారు, ఇది తెలియని కీబోర్డ్ మిత్రులతో గందరగోళం వస్తుంది.

7. డబ్బు

రేటు ముందే, వాట్సాప్‌లో రాతపూర్వకంగా. పాటకా, రోజుకా, మార్పులు ఎన్నిసార్లు, దారిఖర్చులు ఎవరివి, ఇవన్నీ అందులోనే. కంపెనీలు 10 శాతం టీడీఎస్ పట్టుకుంటే రిటర్న్ వేయండి, మీకు పన్ను పడకపోతే వెనక్కి వస్తుంది. 2012లో కాపీరైట్ చట్టం సవరించి కళాకారులకి రాయల్టీ హక్కు పెట్టారు గానీ, ఇంటి బడ్జెట్ మాత్రం ఆరోజు చేతికిచ్చే పేమెంట్‌ని బట్టే వేసుకోండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఆ నెలకి పాఠాలు చెప్పే పిల్లలు నలుగురైనా ఉండాలి.

8. ఒంటికి బాగోలేని రోజు

స్పీకర్ల పక్కన నిలబడే పని కాబట్టి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట దాటితే చాలు, చెవులకి ప్రమాదమంటారు, మన పందిళ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. మణికట్టు నొప్పి మొదలైతే బెల్టు పైకి కట్టుకుని గిటార్‌ని కాస్త ఎత్తులో పెట్టుకోండి, తగ్గకపోతే వాయించడం ఆపి డాక్టర్‌కి చూపించండి.

వెళ్లలేకపోతే మీ బదులు మనిషిని మీరే పంపాలి. లాస్ ఏంజెలస్‌లో గిటార్ సెషన్లు చేసుకునే కారోల్ కే 1963లో ఓ రికార్డింగ్‌కి బేస్ ప్లేయర్ రాకపోవడంతో బేస్ అందుకుని, తర్వాత ఆ వాయిద్యంతోనే పేరు తెచ్చుకున్నారు. రాని ఆ మనిషి పేరు ఎవరూ తలుచుకోరు. అలా అవుతుందన్న భయంతో కావాలని చేతకానివాణ్ణి పంపేవాళ్లూ ఉన్నారు, దాంతో ఆ ట్రూప్ మిమ్మల్ని కూడా పిలవడం మానేస్తుంది. బాగా వాయించేవాళ్లనే పంపండి, పాటల లిస్టు, శృతులు, కీబోర్డ్ అతని నంబర్ చేతిలో పెట్టండి, డబ్బు నేరుగా వాళ్లకే ఇప్పించండి, మధ్యలో కమిషన్ తీసుకోవద్దు.