ఓటీపీ సందేశాలతో ఇంగ్లీషు సర్వనామాలు నేర్చుకోవడం ఎలా?

భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో రొయ్యల ధర చూసుకోవడానికైనా, కొబ్బరికాయల సొమ్ము జమ అయిందో లేదో తెలుసుకోవడానికైనా ఫోనే ఆధారమైంది కనుక, ఇంగ్లీషు అనిర్దిష్ట సర్వనామాలను, అంటే ఫలానా వ్యక్తి అని చెప్పకుండా 'ఎవరో', 'ఎవరైనా', 'అందరూ' అనే మాటలను, బ్యాంకు సందేశాల నుంచే నేర్చుకోవడం మేలు. ముందుగా 'డు నాట్ షేర్ యువర్ ఓటీపీ విత్ ఎనీవన్' అన్న వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసి, 'ఎనీవన్' కింద గీత గీయండి. వద్దని చెప్పే ఈ వాక్యంలో 'విత్ ఎనీవన్' అంటే 'ఎవరితోనూ'. ప్రశ్నలోనైతే 'ఎనీవన్' అంటే 'ఎవరైనా'. ఎవరో ఒకరు లింకు పంపారని చెప్పాలంటే 'సమ్‌వన్ సెంట్ మీ ఎ లింక్' అనాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది 'నో వన్' దగ్గరే. తెలుగులో 'బ్యాంకువాళ్లెవరూ పిన్ అడగరు' అని క్రియను కూడా వ్యతిరేకార్థంలోనే వాడతాం. ఇంగ్లీషులో మాత్రం 'నో వన్ ఫ్రమ్ ద బ్యాంక్ ఆస్క్స్ ఫర్ యువర్ పిన్' అంటే సరిపోతుంది, క్రియకు మళ్లీ 'నాట్' చేర్చకూడదు. ఈ ఒక్క అలవాటు కుదరడానికి ఎన్ని రోజులు పట్టినా ఓపిక పట్టండి. 'ఎవ్రీవన్' అంటే 'అందరూ' అయినా, దాని తర్వాత 'ఈజ్' వస్తుంది, 'ఆర్' రాదు.

ఆపైన పాస్‌వర్డ్, ప్రైవసీ, స్కామ్, బ్లాక్, రిపోర్ట్ వంటి మాటలను ఈ సర్వనామాలతో కలిపి రోజూ సొంత వాక్యాలు రాయండి. సైబర్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలన్న సంగతిని కూడా అదే పుటలో, ఇంట్లో అందరికీ కనిపించేలా రాసి పెట్టండి.