సెలూన్ స్టాఫ్, సోషల్ మీడియా: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

సోషల్ మీడియా మీద మొదటి గొడవ రాగానే సెలూన్ యజమాని చేసే పని ఒకటే: "డ్యూటీలో ఫోన్ వాడరాదు" అని కాగితం అంటించడం. నేనూ అంటించాను. దానిమీద హెయిర్‌స్ప్రే పొర పేరుకునేలోపే ఫోన్లు మళ్ళీ బయటికొచ్చాయి. తప్పు స్టాఫ్‌ది కాదు. కొత్త కస్టమర్లు వచ్చేదే వాళ్ళు పెట్టే రీల్స్ చూసి. పూర్తిగా ఆపేస్తే నష్టం నాకే. "చేయకూడదు" అని రాశాను గానీ, కుర్చీ పక్కన నిలబడ్డ మనిషి ఆ నిమిషంలో ఏం చేయాలో రాయలేదు. కింది సమస్యల్లో చాలావరకు ఆ లోటు నుంచి పుట్టినవే. మీకు ఎదురైన సమస్య దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

"నా ఫొటో ఎవరు పెట్టమన్నారు?" అని కస్టమర్ ఫోన్ చేశారు

కారణం: చాలాసార్లు స్టైలిస్టు అడిగే ఉంటారు. "ఒక ఫొటో తీసుకోనా?" అంటే కస్టమర్ "సరే" అనే ఉంటారు. వెనకవైపు కట్ ఎలా వచ్చిందో చూపించడానికేమో అని ఆవిడ అనుకున్నారు, పేజీలో పెట్టడానికి ఒప్పుకున్నారని స్టైలిస్టు అనుకున్నారు. ఇంకో కారణం, అడిగిన సమయం. కత్తెర పట్టుకుని వెనక నిలబడ్డ మనిషికి వద్దని చెప్పాలంటే ఎవరికైనా మొహమాటమే. అలాంటి "సరే"ని అనుమతిగా లెక్కపెట్టకండి.

పరిష్కారం: తీయడానికి ఒకసారి, పెట్టడానికి ఒకసారి అడగాలి. కస్టమర్ కార్డులో గడులు పెట్టండి: వద్దు, జుట్టు మాత్రమే, ముఖంతో సహా, ట్యాగ్ చేయొచ్చు. పని మొదలుపెట్టకముందు, ఏం చేయించుకోవాలో మాట్లాడుకునేటప్పుడే వాటిని నింపించాలి. పనయ్యాక తీసిన ఫొటో చూపించి "ఇది పెడుతున్నాం" అని మరోసారి చెప్పాలి. పిల్లలైతే తల్లినో తండ్రినో అడగాలి, వెంట వచ్చిన బంధువును కాదు. జుట్టు రాలడం, మాడు మీద మచ్చలు, చికిత్స తర్వాత విగ్గు లాంటివి ఉన్నప్పుడు మామూలు అనుమతి సరిపోదు. ఆ సంగతి బయటికి తెలుస్తుందని విడిగా చెప్పి, అప్పుడు అడగాలి.

ఒప్పుకున్నవాళ్ళు తర్వాత మనసు మార్చుకోవచ్చు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ) చట్టం, అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది. మీ దేశంలో చట్టం ఎలా ఉన్నా ఈ పద్ధతి పాటించడం మంచిది: తీసేయమన్న రోజే తీసేయండి, ఎందుకని అడగొద్దు.

అద్దాల సంగతి మరిచిపోకండి. నా దగ్గర వచ్చిన గట్టి గొడవ ఫొటోలోని కస్టమర్‌తో కాదు, ఆమె వెనక అద్దంలో రంగు కోసం తలకు చుట్టిన ఫాయిల్స్‌తో (రేకులతో) కనిపించిన ఇంకొకావిడతో. అప్పటినుంచి అద్దం లేని ఒక గోడకు లైటు పెట్టించాను. ఫొటోలన్నీ అక్కడే.

స్టైలిస్టు మానేశారు, కస్టమర్లూ వెంట వెళ్ళిపోయారు

కారణం: పని ఫొటోలన్నీ ఆమె సొంత పేజీలోనే ఉన్నాయి, బుకింగులూ ఆమె ఇన్‌బాక్స్‌లోనే జరిగాయి. సెలూన్ పేరు ఎవరికీ గుర్తులేదు. మనమే గుర్తుండనివ్వలేదు.

పరిష్కారం: సొంత పేజీ వద్దనడం పొరపాటు. మంచి స్టైలిస్టు అలాంటి చోట చేరరు. ఇన్‌స్టాగ్రామ్‌లో కొలాబ్ పోస్టు అని ఉంది. సెలూన్ ఖాతా నుంచి పెట్టి స్టైలిస్టును ఆహ్వానిస్తే, ఒకే పోస్టు ఇద్దరి పేజీల్లోనూ కనబడుతుంది. లైకులు, కామెంట్లు ఒకే చోట చేరతాయి. సొంత పేజీలో బుకింగ్ అడిగినవాళ్ళకు సెలూన్ నంబరే ఇవ్వాలి. మానేసేటప్పుడు ఏమవుతుందో చేరిన రోజే రాసుకోండి: కస్టమర్ ఒప్పుకున్న ఫొటోలు స్టైలిస్టు దగ్గరే ఉండొచ్చు, కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితా మాత్రం సెలూన్‌ది. చేతిపని ఫొటోలన్నీ తుడిచేయమని పట్టుబట్టే యజమానులను చూశాను. అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఆ జుట్టు కత్తిరించింది వాళ్ళే కదా.

సెలూన్ ఖాతాలోకి మనమే వెళ్ళలేకపోతున్నాం

ఎప్పుడో మానేసిన అబ్బాయి తన మెయిల్‌తో ఖాతా తెరిచాడు, కోడ్ ఇప్పటికీ అతని ఫోన్‌కే వెళ్తోంది. లేదా ఒకే పాస్‌వర్డ్ అయిదుగురికి తెలుసు, ఎవరు మార్చారో తెలియదు. సెలూన్ పేరుతో మెయిల్, సెలూన్ సిమ్ తీసుకుని ఖాతాను వాటికి మార్చండి. రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగేది) పెట్టి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి లాకర్లో దాచండి. పాస్‌వర్డ్ పంచకుండానే మెటా బిజినెస్ సూట్‌లో (ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలను ఒకేచోట నడుపుకునే సాధనం) ఎవరికి వాళ్ళకు విడిగా అనుమతి ఇవ్వొచ్చు. మానేసిన రోజున తాళంచెవులతో పాటు ఆ అనుమతీ వెనక్కి తీసుకోవాలి.

చెడ్డ రివ్యూకి స్టాఫ్‌లో ఎవరో అర్ధరాత్రి ఘాటుగా జవాబిచ్చారు

కారణం: మనసు నొచ్చుకుంది. జవాబు ఎవరివ్వాలో ఎవరికీ చెప్పలేదు, కాబట్టి కోపం వచ్చినవాళ్ళు ఇచ్చారు.

పరిష్కారం: జవాబిచ్చేది ఒక్కరే. మిగతావాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోవాలి. ఆ ఒక్కరైనా ఆ పని చేసిన స్టైలిస్టు వైపు కథ విన్నాకే రాయాలి. "మీరు ఇంట్లో రంగు వేసుకుని, మా దగ్గర దాచిపెట్టారు" అన్నది నిజమే కావచ్చు, కానీ కస్టమర్ కుర్చీలో చెప్పిన మాట అందరి ముందు పెట్టినట్టవుతుంది. చదివేవాళ్ళు "రేపు నా గురించీ ఇలాగే రాస్తారు" అనుకుంటారు. జవాబు ఇలా ఉంటే చాలు: "మీకు నచ్చలేదని తెలిసి బాధగా ఉంది. ఒకసారి ఫోన్ చేయండి, చూసి సరిచేస్తాం." ఇంతవరకే. తమ్ముళ్ళతో, స్నేహితులతో అయిదు నక్షత్రాలు వేయించడం వద్దు. గూగుల్ నిబంధనలు దానికి ఒప్పుకోవు, పట్టుబడితే పరువు పోతుంది.

కస్టమర్ల మీద జోకులు స్టోరీల్లో వస్తున్నాయి

స్టోరీ 24 గంటల్లో పోతుంది గానీ స్క్రీన్‌షాట్ పోదు. పేరు రాయకపోయినా, "ఈ రోజు మూడు గంటలు కూర్చోబెట్టినావిడ" అంటే ఆవిడకు తెలుస్తుంది. నియమం ఒక్క వాక్యం చాలు: పేరు లేకపోయినా కస్టమర్ గురించి రాయకూడదు.

ఇక్కడే యజమానులు అత్యుత్సాహంతో "సెలూన్ గురించి ఎక్కడా చెడుగా మాట్లాడరాదు" అని కూడా కలిపేస్తారు. కలపకండి. జీతం, పనిగంటల గురించి తోటివాళ్ళతో మాట్లాడుకునే హక్కును చాలాచోట్ల చట్టం కాపాడుతుంది. అమెరికాలో 1935 నుంచే అలాంటి చట్టం ఉంది. పైగా స్టాఫ్ కష్టం ఆన్‌లైన్‌లో చదివి తెలుసుకున్నామంటే, చెప్పుకునే చోటు సెలూన్‌లో లేదన్నమాట.

"పేజీలో ఉన్నట్టు రాలేదు" అంటున్నారు

కారణం: ఫిల్టర్, పసుపు లైటు, ఇంకా చెప్పకుండా వదిలేసిన సంగతులు. మూడు సిట్టింగుల్లో వచ్చిన రంగు రీల్‌లో అర నిమిషంలో వచ్చేస్తుంది. నల్లరంగు వేసిన జుట్టు మీద లేత రంగు ఒక్కరోజులో రాదని మనకు తెలుసు, చూసేవాళ్ళకు తెలియదు.

పరిష్కారం: కలర్ ఫొటోకు ఫిల్టర్ పూర్తిగా నిషేధం. బిఫోర్, ఆఫ్టర్ రెండూ ఒకే చోట, ఒకే వెలుగులో తీయాలి. ఎన్ని సిట్టింగులు, మొదట జుట్టు ఎలా ఉందన్నది కింద రాయాలి.

దీనికి తోడు డీఎమ్‌లో (పేజీకి నేరుగా వచ్చే మెసేజుల్లో) సలహాలు. "ఇంట్లో బ్లీచ్ ఎంతసేపు ఉంచాలి?" అని అడిగితే మంచితనంతో చెప్పేస్తారు. జుట్టు చూడకుండా, ప్యాచ్ టెస్ట్ (చర్మానికి పడుతుందో లేదో ముందు కొంచెం రాసి చూడటం) లేకుండా చెప్పిన సలహాతో మాడు కాలితే ఆ మెసేజ్ మీ సెలూన్ మాటగానే నిలుస్తుంది. జవాబు అందరికీ ఒకటే ఉండాలి: "జుట్టు చూసి చెప్పాలి, ఒకసారి రండి. రంగుకు 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ చేస్తాం."

రీల్‌కు పాట పోయింది, ఉచితంగా వచ్చిన సీరమ్ గురించి ఎవరో గొడవ చేశారు

బిజినెస్ ఖాతాలకు సినిమా పాటల్లాంటివి చాలావరకు అందుబాటులో ఉండవు. ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే సౌండ్ కలెక్షన్ నుంచే తీసుకోండి. కంపెనీ ఉచితంగా ఇచ్చిన సరుకును పొగిడితే, ఉచితంగా వచ్చిందని పోస్టులోనే రాయాలి, సొంత పేజీలోనైనా సరే.

నియమాలున్నాయి, ఎవరూ పాటించడం లేదు

ముందు మిమ్మల్ని చూసుకోండి. నేను అడగకుండా ఒక పెళ్ళికూతురి వీడియో పెట్టిన వారం, స్టాఫ్‌ను ఏమీ అనలేకపోయాను. రెండోది సమయం. రోజుకో రీల్ కావాలంటాం, కుర్చీల మధ్య అయిదు నిమిషాలు కూడా ఇవ్వం. వాళ్ళు ఇంటికెళ్ళి రాత్రి ఎడిట్ చేస్తారు, అలసటలో కార్డు చూడటం మరిచిపోతారు. పోస్టు పని జీతంలో పనైతే అపాయింట్‌మెంట్ల పట్టికలోనే దానికి గడి ఉండాలి. నియమాలు ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు, రాసేటప్పుడు స్టాఫ్‌ను కూర్చోబెట్టుకుంటే సగం వాళ్ళే చెప్తారు.

అయినా తప్పు జరిగితే వరస ఇది: ముందు పోస్టు తీయాలి, తర్వాత కస్టమర్‌కు యజమానే ఫోన్ చేయాలి, ఆ తర్వాతే స్టైలిస్టుతో మాట్లాడాలి, అదీ మిగతా కస్టమర్లందరూ వెళ్ళిపోయాక.