నల్లాకు సున్నం, ఉడకని పప్పు: చంద్రపూర్ వైపు ఇళ్లలో ఉప్పు నీళ్ల సమస్యలు, పరిష్కారాలు

మహారాష్ట్ర విదర్భలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్‌లలో ఎండాకాలం వచ్చిందంటే ఇంటింటా ఇవే మాటలు. గీజర్ మూలుగుతోంది, కూలర్ గాలి చల్లగా రావడం లేదు, కందిపప్పు ఎన్ని విజిళ్లు పెట్టినా పలుకుగానే ఉంటోంది, బకెట్‌కు తెల్ల చారలు పోవడం లేదు. అన్నిటికీ మూలం నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. ఇవి ఎక్కువున్నవే ఉప్పు నీళ్లు, వీటి మోతాదే కఠినత్వం. రాజురా, కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది అక్కడి నేలలో సున్నపురాయి ఉండబట్టే. అలాంటి రాతి పొరల్లో నిలిచిన నీళ్లే బోరులోంచి పైకి వస్తాయి. చంద్రపూర్‌కు ఇరై డ్యామ్ నుంచి వచ్చే నల్లా నీళ్లు మామూలుగా బోరు కన్నా నయం. నల్లా సరిగా రాని రోజుల్లో అదే ట్యాంకులోకి బోరు మళ్లించడంతో చిక్కు మొదలవుతుంది.

ఇంట్లోకి వచ్చే ప్రతి చుక్కనూ శుద్ధి చేయాలని వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. నీళ్లు వేడెక్కే చోట, ఆవిరయ్యే చోట సున్నం దిగుతుంది. ఆ రెండు చోట్లా కాపలా కాస్తే చాలావరకు సరిపోతుంది.

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

మూత ఉన్న సీసాలో సగానికి నీళ్లు పోసి, మామూలు ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా కుదపండి. నురుగు నిలవకుండా పెరుగు విరిగినట్టు తెల్ల తునకలు తేలితే అవి ఉప్పు నీళ్లే. బట్టల పౌడర్‌తో ఈ పరీక్ష చేయొద్దు, అది ఏ నీళ్లలోనైనా నురగ ఇస్తుంది. నల్లా నీళ్లను, బోరు నీళ్లను వేర్వేరుగా చూడండి.

టీడీఎస్ పెన్నును నమ్ముకుని నిర్ణయాలు తీసుకునేవాళ్లు చాలామంది. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుందే గానీ అందులో సున్నం పాలు ఎంతో చెప్పదు. కఠినత్వం కొలిచే చుక్కల కిట్ కొనండి: నీళ్ల రంగు ఎరుపు నుంచి నీలంగా మారేవరకు చుక్కలు లెక్కపెట్టాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మి.గ్రా. వరకు మంచిది. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 600 వరకు ఒప్పుకుంటారు.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి. అవే నీళ్లు పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, గుడ్డలో వడకట్టి మళ్లీ కొలవండి. అంకె బాగా పడిపోతే అది మరిగిస్తే దిగిపోయే రకం. పడకపోతే సల్ఫేట్లు, క్లోరైడ్లు ఎక్కువని అర్థం, మరిగించినా లాభం లేదు.

గీజర్ మూలుగుతోంది, నీళ్లు వేడెక్కడానికి చాలాసేపు పడుతోంది

కాయిల్ చుట్టూ సున్నం పెంకు కట్టింది. వేడి నీళ్లలోకి పోలేక కాయిల్‌లోనే నిలిచి, కొన్నాళ్లకు కాయిల్ మాడిపోతుంది. ఆ చప్పుడు పెంకు కింద చిక్కిన నీళ్లు మరగడం వల్ల వచ్చేది.

ముందు ఎంసీబీ ఆపండి, స్విచ్ ఒక్కటే ఆపితే సరిపోదు. నీళ్లు చల్లారాక చల్లనీళ్ల వాల్వు మూసి, వేడినీళ్ల నల్లా తెరిచి, కింది పైపు విప్పి ట్యాంకు ఖాళీ చేయండి. కింద మూత తీసి, వైర్లను ఫోటో తీసుకున్నాకే విప్పండి. ప్లేటు బోల్టులు తీస్తే కాయిల్ బయటికి వస్తుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కాయిల్ లోహపు భాగం మాత్రమే మునిగేలా రెండు మూడు గంటలు ఉంచండి. వైర్లు బిగించే కొసలకు తడి తగలకూడదు. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, పైపొర పగిలితే షాక్ కొడుతుంది. ట్యాంకు అడుగున రాలిన పెచ్చులను కూడా కడిగేయండి.

పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీని తప్పక చూడండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడమే దాని పని. సన్నబడి లోపలి తీగ కనబడితే కొత్తది వేయాలి. చాలా ఇళ్లలో ట్యాంకు కారిపోయేదాకా దీన్ని ఎవరూ చూడరు. రబ్బరు వాషర్ కొత్తది వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. వేడినీళ్ల నల్లాలోంచి నీళ్లు ధారగా వచ్చాకే కరెంటు ఇవ్వాలి, ఖాళీ ట్యాంకుతో వేస్తే కాయిల్ నిమిషాల్లో పోతుంది. వైరింగ్ అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చేయించండి. బోరు వాడే ఇంట్లో ఇది ఏడాదికోసారి తప్పదు. వేడి 50–55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సున్నం దిగడం తగ్గుతుంది.

బకెట్‌లో వేసే హీటర్ రాడ్‌కూ ఇదే మందు. సుత్తితో కొట్టి పెచ్చులు రాల్చే అలవాటు మానుకోండి.

కూలర్ ఆడుతోంది, చల్లదనం లేదు

విదర్భ ఎండల్లో ఎక్కువగా దెబ్బతినేది కూలరే. నీళ్లు ఆవిరవుతాయి, సున్నం మాత్రం ఎక్కడికీ పోదు. లీటరుకు 400 మి.గ్రా. కఠినత్వం ఉన్న బోరు నీళ్లు రోజుకు 100 లీటర్లు ఆవిరైతే 40 గ్రాముల సున్నం ట్యాంకులో, ప్యాడ్లలో మిగులుతుంది. నెలకు అది కిలో దాటుతుంది. తగ్గినకొద్దీ నింపుకుంటూ పోవడమే అసలు తప్పు.

రెండు రోజులకోసారి అడుగు ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేసి కొత్తగా నింపండి. ప్యాడ్ ఒక పక్క తడిసి ఇంకో పక్క పొడిగా ఉంటే పై పైపు రంధ్రాలు మూసుకున్నాయని అర్థం, సన్న తీగతో పొడవండి. పంపు గుర్రుమంటూ నీళ్లు ఎత్తకపోతే ప్లగ్ పీకి, పంపు జాలీ తీసి, లోపలి చిన్న రెక్కను నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గడ్డి ప్యాడ్లు గట్టిపడితే వాటిని బాగుచేయాలని చూడొద్దు, సీజన్‌కోసారి మార్చేయండి. తేనెతుట్టె ప్యాడ్లను లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లలో గంటసేపు ఉంచి కడగొచ్చు. ఆర్ఓ నుంచి పారే నీళ్లను పొదుపని కూలర్‌లో పోస్తుంటారు. అందులో సున్నం ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడుకోండి.

నల్లా ధార చీలిపోతోంది, షవర్ సగమే వస్తోంది

నల్లా మూతి దగ్గరి జాలీ విప్పి వెనిగర్‌లో అరగంట ఉంచండి. షవర్ విప్పడం కుదరకపోతే ప్లాస్టిక్ కవర్‌లో వెనిగర్ పోసి రబ్బరు బ్యాండుతో కట్టేయండి. బాత్రూం యాసిడ్ పోస్తే మెరుపు పూత లేచిపోతుంది. యాసిడ్‌ను గానీ నిమ్మ ఉప్పును గానీ బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విష వాయువు వస్తుంది.

పప్పు ఉడకడం లేదు

కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. ఎసరుకు నల్లా నీళ్లో ఆర్ఓ నీళ్లో వాడండి. బోరు తప్ప గతి లేకపోతే మరిగించి, తేర్చి, పైనున్న నీళ్లు తీసుకోండి. ముందే నానబెట్టండి. చింతపండు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వేయాలి, పులుపు ముందే పడితే ఇంకా ఉడకదు. వంట సోడా చిటికెడుకు మించితే రుచీ పోతుంది, బీ1 విటమినూ పోతుంది.

బట్టలు బిరుసెక్కి నల్లబడుతున్నాయి

సబ్బు ముందు సున్నంతో కలిసి జిగటగా మారి బట్టకే అంటుకుంటుంది. ఇక్కడ పౌడర్ ఎక్కువ వేయడం కన్నా బట్టల సోడా చవకైన మందు. కఠినత్వం 400 ఉంటే 20 లీటర్ల బకెట్‌కు పొడి సోడా 8–9 గ్రాములు, స్ఫటికాల సోడా అయితే 23 గ్రాములు. పావుగంట ఆగి ఆ తర్వాత సబ్బు వేయండి. పట్టు, ఉన్ని బట్టలకు వద్దు. మెషిన్‌లో నీళ్లు నెమ్మదిగా దిగుతుంటే వెనక పైపు చివరి జాలీ కడగండి. రెండు నెలలకోసారి బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో 60 డిగ్రీల వద్ద తిప్పండి.

తలకు సబ్బు బదులు షాంపూ గానీ కుంకుడు గానీ వాడితే జిగట తగ్గుతుంది.

సాఫ్ట్‌నర్ పెట్టించాలా?

కఠినత్వం 400 దాటి, ఇంట్లో బోరే దిక్కైతే ఆలోచించండి. గీజర్, మెషిన్ పైపులకు మాత్రమే పెట్టిస్తే చాలు. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ పూసలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంను పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుంది. 10 లీటర్ల రెసిన్ 400 ఉన్న నీళ్లు 1250 లీటర్లు శుద్ధి చేశాక నిండిపోతుంది. అప్పుడు కిలోన్నర అయోడిన్ లేని దొడ్డుప్పు కరిగించి నెమ్మదిగా లోపలికి పంపి, ఉప్పదనం పోయేదాకా కడగాలి. సాఫ్ట్‌నర్ పెట్టించినా లాభం లేదనేవాళ్లలో ఎక్కువమంది ఈ ఉప్పు పెట్టడం మరిచినవాళ్లే. పైపుకు తగిలించే అయస్కాంతాలకు డబ్బు పోయొద్దు.

సాఫ్ట్‌నర్ నీళ్లు తాగడానికి కావు. 400 కఠినత్వం పోయిన లీటరు నీళ్లలో సుమారు 184 మి.గ్రా. సోడియం చేరుతుంది, బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు.

పిల్లల పళ్లపై గోధుమ మచ్చలు

ఇది సున్నం పని కాకపోవచ్చు. చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. సాఫ్ట్‌నర్ దాన్ని తీయదు, మరిగిస్తే నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మి.గ్రా. దాటితే జాగ్రత్తపడాలి, 1.5 దాటితే తాగొద్దు, వండొద్దు. జిల్లా నీటి పరీక్ష ల్యాబ్‌కు శాంపిల్ ఇచ్చేటప్పుడు కఠినత్వంతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమని రాసివ్వండి. బోరు ఐదు నిమిషాలు పారనిచ్చి, అవే నీళ్లతో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నింపి, ట్యాంకు నీళ్లు కాకుండా నేరుగా బోరు నీళ్లే పట్టండి.