హైదరాబాద్ నుంచి దుబాయ్: దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు? లెక్క ఇలా వేసుకోండి

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. వాళ్లు వస్తున్నారంటే ఇంట్లో మొదటి ప్రశ్న, ఎయిర్‌పోర్టుకు ఎన్నింటికి రావాలని. టికెట్ మీది రెండు టైముల మధ్య తేడానే ప్రయాణ సమయం అనుకుంటే లెక్క తప్పుతుంది. సరిగ్గా తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

1. ఏ ఎయిర్‌పోర్టో చూడండి

టికెట్ మీద మూడక్షరాల కోడ్ ఉంటుంది. శంషాబాద్‌కు హెచ్‌వైడీ, దుబాయ్‌కి డీఎక్స్‌బీ. డీడబ్ల్యూసీ అని ఉంటే అది నగరానికి దూరంగా ఉండే అల్ మక్తూమ్. ఎస్‌హెచ్‌జే అంటే షార్జా. ఇంకో ఎయిర్‌పోర్టుకు టికెట్ చౌకగా దొరికితే, అక్కడి నుంచి గదికి చేరే ఖర్చు కూడా కలిపి చూడండి.

2. దూరం కొలవండి

కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, శంషాబాద్ ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేస్తే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. తర్వాత దుబాయ్ ఎయిర్‌పోర్టు మీద నొక్కండి. సుమారు 2,550 కిలోమీటర్లు చూపిస్తుంది. విమానం నిజంగా తిరిగే దూరం దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

3. గంటల్లోకి మార్చండి

పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. 2,550ని 850తో భాగిస్తే 3 గంటలు. రన్‌వే దాకా వెళ్లడానికి, పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి ఇంకో అరగంట వేసుకోండి. ఆ ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. అందుకే వెళ్లేటప్పుడు దాదాపు 4 గంటలు పడితే, వచ్చేటప్పుడు మూడున్నర గంటల్లోపే అయిపోవచ్చు.

4. గంటన్నర తేడా కలపండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. టికెట్ మీద బయల్దేరే టైమ్ బయల్దేరే ఊరిది, చేరే టైమ్ చేరే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక ఉంటుంది, ఏడాది పొడవునా అంతే. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి బయల్దేరి అక్కడి టైమ్ 12:20కి దిగితే, చూడ్డానికి 2 గంటల 20 నిమిషాలు. గంటన్నర కలిపితే అసలు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో కలపడం కాదు, తీసేయాలి. దుబాయ్‌లో రాత్రి 10:00కి ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 2:55కి దిగితే, ప్రయాణం 3 గంటల 25 నిమిషాలే.

5. అర్ధరాత్రి తేదీని రెండుసార్లు చూడండి

గల్ఫ్ విమానాలు అర్ధరాత్రి దాటాక చాలా ఉంటాయి. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే, 14వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15వ తేదీ రాత్రి వెళ్తే విమానం అంతకు ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది, టికెట్ డబ్బులు పోయినట్టే. ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు తేదీతో పాటు వారం పేరు కూడా చెప్పండి: "సోమవారం సాయంత్రమే బయల్దేరాలి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

6. ఇంటి నుంచి లెక్కపెట్టండి

విదేశీ ప్రయాణానికి 3 గంటల ముందు చేరడం మంచిది. కరీంనగర్ నుంచి హైదరాబాదే 160 కిలోమీటర్లకు పైన, శంషాబాద్ ఇంకా అవతల. కాబట్టి దారికి కనీసం 4 గంటలు పెట్టుకోండి. 00:40 విమానానికి ముందు రోజు సాయంత్రం 5 గంటలకల్లా కారు ఇంటి ముందు ఉండాలి.