ఎలక్ట్రాన్ యాప్‌లో తెల్ల తెర: నా అనుభవం

మా షాపు బిల్లుల కోసం ఎలక్ట్రాన్ (వెబ్ పేజీలను డెస్క్‌టాప్ యాప్‌గా నడిపేది), వీట్ (Vite, కోడ్‌ను బిల్డ్ చేసే సాధనం), రియాక్ట్ (పేజీలు కట్టే లైబ్రరీ)లతో ఒక డెస్క్‌టాప్ యాప్ రాశాను. రాసేటప్పుడు చక్కగా నడిచింది. ప్యాకేజ్ చేసి, అంటే విడి యాప్‌గా కట్టి, విండోస్‌లో తెరిస్తే అంతా తెల్ల తెర. మర్నాడే నాన్నకు చూపించాలి, టెన్షన్ పట్టుకుంది.

డెవ్‌టూల్స్ (లోపలి తప్పులు చూపే సాధనాలు) తెరిచేలా ఒక లైను చేర్చి మళ్లీ బిల్డ్ చేశాను. కన్సోల్‌లో ఎర్రగా కనిపించింది: జావాస్క్రిప్ట్ ఫైల్ దొరకలేదట. వీట్ మామూలుగా ఫైళ్ల దారిని స్లాష్‌తో మొదలుపెడుతుంది. సర్వర్ ఉన్నప్పుడు అది సైటు మొదలు. నా యాప్‌లో ప్యాకేజ్ అయ్యాక పేజీ నేరుగా డిస్క్ మీది ఫైల్‌గా తెరుచుకుంటోంది, కాబట్టి ఆ స్లాష్ డ్రైవ్ మొదట్లో వెతుకుతోంది. మన ఫైళ్లు అక్కడ ఉండవు కదా.

వీట్ కాన్ఫిగ్‌లో బేస్‌ను, అంటే ఫైళ్ల దారి మొదలయ్యే చోటును, './'గా (పేజీ ఉన్న ఫోల్డర్‌గా) మార్చాను. మెనూ వచ్చింది, పేజీలు రాలేదు. ఏ పేజీ చూపాలో తేల్చేది రౌటర్; బ్రౌజర్ రౌటర్ చిరునామాలోని దారిని చూస్తుంది, ఇక్కడ అది డిస్క్ మీది ఫైల్ దారి. దాన్ని తీసి, చిరునామాలో # తర్వాతి భాగాన్ని చూసే హ్యాష్ రౌటర్ పెట్టాక బిల్లు పేజీ తెరుచుకుంది.